పరాయిభాష పట్టుబడే దారి



కిందటిసారి ఆవకాయ మీద నూనె ఎందుకు తేలాలో చెప్పిన మనిషి, ఈసారి జర్మన్ భాష సంగతి ఎత్తుకుందేమిటా అని నవ్వుకుంటున్నారేమో. నవ్వుకోండి, ఫరవాలేదు. నా చదువు పదో తరగతి, అదీ తెలుగు మీడియం. జర్మన్ నాకు ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు వచ్చునంటే వచ్చు, రాదంటే రాదు. అయినా ఈ ఏడాదిన్నరగా మా వీధిలో ఒక పిల్ల పరాయిభాష కోసం పడ్డ పాట్లు దగ్గరుండి చూశాను. ఆ పాట్లలో సగం అనవసరమని తరువాత తెలిసింది. ఆ సంగతి రేడియోలో పావుగంట చెప్పాను. చెప్పగా మిగిలినవి కూడా చేర్చి ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మాది కె.కోటపాడు. చోడవరం దగ్గర. విశాఖపట్నం జిల్లా అని చెప్పడం మాకు నోటికి అలవాటు గాని, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. మా పక్కింటి అమ్మాయి నర్సింగు చదివి, విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ జర్మనీ వెళ్ళాలని పట్టుదల పట్టింది. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ, నర్సులు తక్కువ. మన పిల్లలకు ఆహ్వానం ఉంది. కానీ ఆసుపత్రిలో అడుగుపెట్టి నర్సుగా గుర్తింపు పొందాలంటే సామాన్యంగా బి2 అనే మెట్టు దాకా వాళ్ళ భాష రావాలి. యూరపులో భాషల పరిజ్ఞానాన్ని ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా పెట్టుకున్నారు. బి2 నాలుగోది. చదవడం, వినడం, వ్రాయడం, మాట్లాడడం, నాలుగింటికీ విడివిడిగా పరీక్ష. ఒక్కోదానిలో నూటికి అరవై రావాలి.

తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. పిల్ల రాత్రి డ్యూటీలు చేస్తూనే క్లాసులకు వెళ్ళింది. సెలవుకు ఇంటికి వస్తే అరుగు మీద కూర్చుని నోటుపుస్తకం నిండా మాటలు వ్రాసేది. ఇటు జర్మను, అటు ఇంగ్లీషు, రోజుకు నలభై. ఒక్కో మాటా పదిసార్లు వల్లె వేసేది. తీరా పరీక్ష వ్రాస్తే చదవడం, వ్రాయడం గట్టెక్కాయి. వినడం, మాట్లాడడం రెండూ పోయాయి.

"ఓలప్పా, దీని తలకాయలోకి ఎక్కదేటి? రాత్రి చదివినాది తెల్లారితే ఏటీ గురుతుండదు. అంత డబ్బూ గంగలో కలిపీసినట్టే," అని వాళ్ళమ్మ నా దగ్గర ఏడ్చింది. పిల్ల మాట్లాడలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మా పెద్దన్నయ్య కొడుకు కాలేజీలో పాఠాలు చెబుతాడు. వాడితో ఫోనులో ఈ మాట అంటే, "అత్తా, తలకాయ బాగానే ఉంటుంది. చదివిన పద్ధతి బాగోలేదు" అన్నాడు. మనిషి బుర్ర ఎలా నేర్చుకుంటుంది, ఎలా మరచిపోతుంది అని పరిశోధించే శాస్త్రం ఒకటుందిట. కాగ్నిటివ్ సైన్స్ అంటారు. వాడు వ్యాసాలు పంపుతూ, నాకు అర్థంకాని చోట తెలుగులో విడమరిచి చెబుతూ వచ్చాడు. అలా పోగైన కబుర్లివి.

మొట్టమొదట మరుపు సంగతి. మరుపును కొలిచి చూడాలని బుద్ధి పుట్టినవాడు కూడా జర్మనీవాడే. పేరు ఎబ్బింగ్‌హాస్. అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు బారులుగా వ్రాసుకుని, తనే బట్టీపట్టి, గంటకు ఎంత పోయింది, రోజుకు ఎంత పోయింది అని లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. గంటలో సగానికి పైగా పోతుంది. ఒక రోజు గడిచేసరికి మూడింట రెండు వంతులు పోతుంది. ఆ తరువాత మాత్రం పోవడం నెమ్మదిస్తుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మళ్ళీ అదే పరీక్ష చేసి చూస్తే దాదాపు అవే లెక్కలు వచ్చాయిట. కాబట్టి తెల్లారేసరికి మరచిపోవడం మా పక్కింటి పిల్ల తప్పు కాదు, అందరి బుర్రా అంతే.

మరి ఉపాయం? మరుపు మొదలయ్యే సమయానికి మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకోవడం. ఆ తరువాత ఇంకాస్త ఎడం ఇచ్చి మరొకసారి. ఒకే రాత్రి పదిసార్లు చదివిన దానికంటే, పది రోజుల్లో నాలుగుసార్లు ఎడంఎడంగా చూసుకున్నది గట్టిగా నిలుస్తుంది. మడికి నీళ్ళు పెట్టినట్టే. నెలకు సరిపడా నీళ్ళు ఒక్కరోజే తోడితే గట్టు తెగుతుంది గాని పైరు ఎదగదు కదా!

ఇక్కడ ఇంకో కిటుకు ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది. మన తెలుగులో రెండు మాటలున్నాయి: వల్లె వేయడం, అప్పజెప్పడం. రెండూ ఒకటే అనుకుంటాం. కావు. వల్లె వేసేటప్పుడు పుస్తకం ఎదురుగా ఉంటుంది. అప్పజెప్పేటప్పుడు పుస్తకం మూసి గురువుగారి చేతికి ఇవ్వాలి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత తిరిగి చదివించారు, కొందరిచేత చూడకుండా వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే తిరిగి చదివినవాళ్ళే పైచేయి. వారం ఆగి పెడితే కథ తలకిందులైంది, చూడకుండా వ్రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. చదువుతుంటే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, అదే మోసం. తడుముకుని, నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయి, గుంజుకుని తెచ్చుకున్న మాటే ఉండిపోతుంది. పాతకాలపు బడుల్లో బెత్తం దెబ్బలు పోవలసినవే, పోయాయి. వాటితో పాటు అప్పజెప్పించడం కూడా పోనిచ్చామేమో అని నాకు అనుమానం.

ఈ రెండు సంగతులనూ కలిపి 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన ఒక పెట్టె పద్ధతి పెట్టాడు. మా ఇంట్లో మూత పోయిన పోపులపెట్టె ఒకటి ఉంది. కడిగి ఎండబెట్టి ఆ పిల్లకు ఇచ్చాను. చిన్న చిన్న చీటీలు, ఒకవైపు తెలుగు మాట, రెండోవైపు జర్మన్ మాట. కొత్తవన్నీ మొదటి గిన్నెలో. రోజూ ఆ గిన్నె తీసి తెలుగు చూసి జర్మన్ చెప్పాలి. సరిగా చెబితే చీటీ రెండో గిన్నెలోకి, అది రెండు రోజులకొకసారి. అక్కడా నిలిస్తే మూడోది, వారానికొకసారి. నాలుగోది పదిహేను రోజులకు, అయిదోది నెలకు. ఎక్కడ తప్పినా చీటీ తిరిగి మొదటి గిన్నెలోకి రావలసిందే. వాళ్ళమ్మకు చదువు అంతగా రాదు గాని తెలుగు కూడబలుక్కుని చదవగలదు. కూతురు ఊళ్ళో ఉన్న రోజున చీటీలు తీసి అడిగేది ఆవిడే. జవాబు తప్పో ఒప్పో ఆవిడకు తెలియదు, కూతురి మొహం చూసి పోల్చేస్తుంది! రోజుకు నలభై మానిపించి పన్నెండు చేశాం.

మాటలు వస్తే భాష వచ్చినట్టు కాదు కదా. వినడం దగ్గరకు వద్దాం, ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే.

మనం బస్ అన్న మాటను బస్సు అంటాం. కార్‌ను కారు, లైట్‌ను లైటు. స్కూలును మా పెద్దవాళ్ళు ఇస్కూలు అనేవారు. నోరు తిరగక అలా అంటామని మనమే నవ్వుకుంటాం. అసలు కథ నోటిలో లేదుట, చెవిలో ఉందిట. అచ్చతెలుగు మాటలు అచ్చుతో ముగియడం మామూలు. ఆ అలవాటు పడ్డ చెవి, లేని అచ్చును కూడా కల్పించుకుని వింటుంది. ఇది జపాను వాళ్ళమీద పరీక్షించి చూశారు. వాళ్ళ భాషలో కూడా హల్లు వెంట అచ్చు రావడమే మామూలు. 1999లో దుపూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్ళు ఎబ్‌జో అనే లేనిపోని మాటను వినిపిస్తే, జపాను వాళ్ళు మధ్యలో ఉకారం వినబడిందన్నారు. ఎబుజో అన్నట్టు! అక్కడ ఉకారం లేనే లేదు.

దీనికి పునాది ఊయలలోనే పడుతుంది. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశోధన అచ్చువేశారు. దానికి వాళ్ళు ఎంచుకున్నది ఏమిటో తెలుసా? మన దేశపు ట, త! హిందీలోని ఆ రెండు ధ్వనులూ ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన చంటిపిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ళు తేడా పసిగట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి తగ్గిపోయింది. వాళ్ళింట్లో ఆ తేడాతో పనిలేదు కాబట్టి చెవి దాన్ని వదిలేసింది. మన టమాటా, తామర రెండూ దొరగారికి ఒక్కలాగే వినబడతాయంటే అందుకే. మరి వాళ్ళ అచ్చుల్లో కొన్ని మనకూ అంతే. జర్మన్‌లో పెదవులు సున్నాలా చుట్టి ఈ అనాలిట, అది ఉ కాదు, ఇ కాదు. మా అమ్మాయికి ఆర్నెల్లు అది ఇ అనే వినబడింది.

చెవి ఒకసారి మూసుకుంటే తెరుచుకోదా? తెరుచుకుంటుంది, కాని ఓపిక కావాలి. వట్టి రేడియో పెట్టుకుని కూర్చుంటే సరిపోదు సుమండీ, రేడియోలో మాట్లాడే మనిషినై ఉండీ చెబుతున్నాను. అమెరికాలో పట్రీషియా కూల్ 2003లో ప్రకటించిన పరిశోధన ఇందుకు సాక్ష్యం. తొమ్మిది నెలల పసివాళ్ళకు చైనా భాషను కొందరికి ఎదుట కూర్చున్న మనిషి చేత చెప్పించారు, కొందరికి టీవీలో చూపించారు, పన్నెండు విడతలు. మనిషి ఎదుట ఉన్న పిల్లల చెవికి ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. టీవీ పిల్లలకు ఏమీ రాలేదు. చంటిపిల్లకు సెల్‌ఫోనులో ఇంగ్లీషు పాటలు పెట్టి, భాష నేర్పుతున్నామని సంబరపడే తల్లులు ఇది గుర్తుపెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళం టేపుతోనూ నేర్చుకోగలం గాని, మనకు కూడా ఎదుటి మనిషి తిరిగి అడగడం, మనం జవాబివ్వడం ఉంటేనే చెవి నిక్కబొడుచుకుంటుంది.

వినడంలో ఇంకో చిక్కు ఉంది. బుర్రలో అప్పటికప్పుడు పట్టి ఉంచుకునే చోటు చాలా ఇరుకు. 1956లో జార్జి మిల్లర్ అనే ఆయన ఏడుకు రెండు అటూ ఇటూ అన్నాడు. తరువాత 2001లో నెల్సన్ కోవన్ అంత కూడా కాదు, నాలుగే అన్నాడు. మా అమ్మాయి ఏం చేసేదంటే, వినబడ్డ ప్రతి జర్మన్ మాటనూ ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తిప్పుకునేది. ఆ గిన్నె రెండో మాటకే నిండిపోయేది. ఆపైన వచ్చేవన్నీ పొర్లిపోయేవి. మధ్యలో ఇంగ్లీషు ఎందుకే అంటే, "క్లాసులో అలాగే చెప్పారు అత్తా" అంది.

ఆ మధ్యవర్తి వల్ల ఎంత నష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. నాకు ఒళ్ళు బాగోలేదు గనక ఇంట్లో ఉంటాను అనడానికి జర్మన్‌లో, ఇక్ బ్లైబె త్సు హౌజె, వైల్ ఇక్ క్రాంక్ బిన్, అంటారుట. ఇందులో బిన్ అంటే ఉన్నాను అని. చూశారా, గనక అని కారణం చెప్పే ముక్కలో క్రియ చివరికి పోయింది, అచ్చం మన తెలుగులో లాగ! ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తుంది. పిల్ల ఇంగ్లీషు మీదుగా వెళ్ళడంతో ప్రతిసారీ మధ్యలోనే పెట్టి తప్పులు చేసింది. తెలుగు నుంచి తిన్నగా వెళితే నడిచిన దారే కదా.

లింగాల సంగతి ఇంకా వింత. జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగం ఉంది. బల్ల మగ, దీపం ఆడ, మేడ్‌షెన్ అంటే అమ్మాయి, ఆ అమ్మాయి నపుంసకం! ఇంగ్లీషు వాళ్ళు ఇది విని తల బాదుకుంటారుట. మనం ఎందుకు బాదుకోవాలి? అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది అని మనం అననే అంటున్నాం. మన వ్యాకరణంలో ఏకవచనంలో ఆడదానికీ బండికీ ఒకటే క్రియ. అది న్యాయమా అన్యాయమా అన్నది వేరే ప్రసంగంలో మాట్లాడుకుందాం. జర్మన్‌లో చేతికి తొడుక్కునే గ్లవ్స్‌ను హాండ్‌షూ అంటారుట, అంటే చేతిజోడు. ఆసుపత్రిని క్రాంకెన్‌హౌస్, జబ్బువాళ్ళ ఇల్లు. మన సమాసాల్లాగే రెండేసి మాటలు అతికించేస్తారు. ఇలా తెలిసిన దానికి ముడివేస్తే చీటీ తొందరగా అయిదో గిన్నెకు చేరుతుంది.

మాట్లాడడం ఎందుకు పోయిందో ఇప్పుడు చెబుతాను. వ్యాకరణ సూత్రాలన్నీ దానికి కంఠతా వచ్చు, నోరు మాత్రం కదలదు. సూత్రం తెలియడం వేరు, చేయి తిరగడం వేరు. బుర్రలో ఈ రెండింటి కొట్లూ వేరట. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేశారు. ఆ తరువాత ఆయనకు కొత్త సంగతి ఏదీ గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు ఆయనచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య గీయించింది. రోజురోజుకీ చేయి కుదిరింది. కాని నిన్న గీశానన్న సంగతే ఆయనకు తెలియదు! తల మరచిపోయినా చేయి నేర్చుకుంది. మన ముగ్గులూ అంతే. పదిహేను చుక్కల మెలికల ముగ్గు ఎలా వేశావమ్మా అంటే చెప్పలేం, వేసి చూపిస్తాం. మాట కూడా ముగ్గులాంటిదే, వేయగా వేయగా వచ్చేది.

మన దక్షిణాదిలోనే దీన్ని బడిలో చేసి చూపించిన పెద్దమనిషి ఉన్నాడు. ఎన్.ఎస్. ప్రభు గారు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బళ్ళల్లో, ఇంగ్లీషు వ్యాకరణం పాఠం చెప్పకుండా పనులు ఇచ్చి భాష నేర్పే ప్రయోగం చేశారు. రైళ్ళ టైంటేబులు ఇచ్చి ఫలానా ఊరికి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, పటం ఇచ్చి దారి చెప్పమనడం, అలాంటివి. పిల్లవాడి ధ్యాస పని మీద ఉంటుంది, భాష చాటుగా వచ్చి చేరుతుంది. ఆ అనుభవాన్ని ఆయన 1987లో పుస్తకంగా వ్రాశారు. ఇవాళ ప్రపంచమంతటా ఇంగ్లీషు టీచర్ల శిక్షణలో ఆ బెంగళూరు ప్రయోగం పేరు చెబుతారుట. మన దగ్గర మాత్రం ఇంకా మెయిన్ వెర్బు, హెల్పింగ్ వెర్బు అని అండర్‌లైన్లు కొట్టిస్తున్నారు. సూత్రాలు వద్దని నేననను. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకు సూత్రం చేతికర్ర లాంటిది. కర్ర పట్టుకుని నిలబడితే సరా, నడవాలి కదా.

నడక నేర్చిన మహానుభావుడు ఒకాయన మా పక్క ఊరికీ కొంచెం చుట్టమే. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన తండ్రి ఉద్యోగరీత్యా చోడవరం బదిలీ అయి వచ్చి, 1875లో ఇక్కడే విషజ్వరంతో పోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. తరువాత విజయనగరంలో చదువుకుని 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. అక్కడి కొండల్లో ఉండే సవరలకు చదువు చెప్పాలనిపించింది. వాళ్ళ భాషకు పుస్తకమా, నిఘంటువా? ఏమీ లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, వింటూ, మాట్లాడుతూ, తప్పులు దిద్దించుకుంటూ ఏళ్ళతరబడి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి మింగిన క్వినైన్ మూలాన చెవులు పోగొట్టుకున్నారు. భాషను చెవితో పట్టిన మనిషికి చెవులే పోవడం తలుచుకుంటే నాకు మనసు అదోలా అయిపోతుంది. 1931లో ఆయన వ్రాసిన సవరభాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది.

ఆయన వాడుకభాష ఉద్యమం కూడా ఒక పరాయివాడు తెలుగు నేర్చుకోవడంలోంచే రేగింది. 1907లో మా ప్రాంతానికి బడుల ఇన్‌స్పెక్టరుగా యేట్సు దొర వచ్చాడు. తను జనం నోట విని నేర్చుకున్న తెలుగు ఒకటి, బడిలో పంతుళ్ళు చెప్పే తెలుగు మరొకటి. ఇదేమిటని విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు వారినీ గురజాడ వారినీ చూపించాడు. తక్కినది మీకు తెలిసిందే. సవర పిల్లలకు సవరలోనే మొదటి చదువు చెప్పాలన్న పంతులుగారి మాట దాదాపు నూరేళ్ళకు, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారి చెవిన పడింది. సవర, కువి, కోయ, గోండి వగైరా ఎనిమిది భాషల్లో వాచకాలు మొదలుపెట్టారు.

అక్కడినుంచి మా వీధిలో రెండో ఇంటికి వస్తాను. ఆ ఇంటి కోడలు నాలుగేళ్ళ కొడుకును ఇంగ్లీషు మీడియంలో వేసి, ఇంట్లో తెలుగు బందు పెట్టింది. నాయనమ్మను కూడా మాట్లాడనివ్వదు. కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లీషు అంతే పాపం, నాకైనా అంతేగా. ఆ పిల్లవాడు గలగలా మాట్లాడేవాడు కాస్తా వేలితో చూపించడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే ఈ ప్రసంగం వ్రాయాలనిపించింది ఆ గుంటడి కోసమే.

ఆవిడ భయం ఏమిటంటే, తెలుగు ఉంటే బుర్రలో ఇంగ్లీషుకు చోటు చాలదని. బుర్ర బియ్యం డబ్బా కాదు, ఒకటి పోస్తే ఒకటి తీయడానికి. రెండు భాషలు వచ్చినవాడి బుర్రలో రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. 1999లో స్పైవీ, మేరియన్ అనేవాళ్ళు రష్యనూ ఇంగ్లీషూ వచ్చినవాళ్ళ చూపు ఎటు పోతుందో కనిపెట్టారు. మార్కా అంటే రష్యన్‌లో తపాలా బిళ్ళ. ఆ మాట వినగానే, పక్కనున్న మార్కర్ కలం మీదికి కూడా వాళ్ళ కన్ను తటాలున పోయింది! అప్పుడు మాట్లాడుతున్నది రష్యనే అయినా సరే. ఒకదాన్ని ఆపి ఒకదాన్ని వాడుకోవడం బుర్ర చేసే నిత్య కసరత్తు. ఇంకొక మాట. కెనడాలో జిమ్ కమిన్స్ గారు 1979 నుంచీ చెబుతున్నది ఏమంటే, కారణం చెప్పడం, కథ వరసగా చెప్పడం, చదివింది అర్థం చేసుకోవడం వంటివి ఒక భాషలో బలపడితే రెండో భాషలోకి వాటంతటవే నడిచి వెళతాయి. నాయనమ్మ చెప్పే కథలో ఎందుకు, అప్పుడు, అయినా, కాకపోతే అన్నీ ఉన్నాయి. కమ్, సిట్‌లో ఏముంది?

చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే రాదంటారు కదా అని మీరడగవచ్చు. యాస పట్టుబడడానికి చిన్నతనం మేలు, నిజమే. వ్యాకరణం సంగతి 2018లో దాదాపు 6 లక్షల 70 వేల మంది జవాబులు పోగుచేసి చూస్తే, పదిహేడేళ్ళ దాకా పట్టు తగ్గదని తేలింది, దాని మీద వాదాలూ ఉన్నాయి. కాని బడిలో వారానికి నాలుగు గంటలు నేర్చుకునే చోట లెక్క వేరు. స్పెయిన్‌లో బార్సిలోనాలో చేసిన పరిశోధనల్లో, అన్నే గంటలు చెప్పినప్పుడు ఆలస్యంగా మొదలుపెట్టిన పెద్దపిల్లలే ముందున్నారు. మన రాష్ట్రంలో 2019 నవంబరులో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తగాదా తీర్చేపాటి దాన్ని కాదు నేను. ఇంగ్లీషు రావాలి, పేదింటి పిల్లకు మరీ రావాలి. రావడానికి ఇంట్లో నోరు కట్టేసుకోనక్కరలేదన్నదే నా మాట.

ఆ కోడలితో ఇవన్నీ చెబితే వినలేదు. హైదరాబాదు సంగతి చెబితే విన్నది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి గారు, తోటివారూ మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రకటించారు. తెలుగు, హిందీ, దక్కనీ ఉర్దూ, ఇంగ్లీషు వంటివి ఒకటికంటే ఎక్కువ మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువురాని వాళ్ళల్లో కూడా ఆ తేడా కనబడింది. అంటే ఇది డిగ్రీల మహిమ కాదు. దీనితో అందరూ ఏకీభవించలేదు, భాషలు నేర్చుకుంటే జబ్బే రాదని కూడా కాదు. అయినా "తెలుగు ఉండగా ఇంకోటి చేరితేనే ఆ లాభం, తెలుగు తీసేస్తే మళ్ళీ ఒక్కటే కదే," అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టాక నాయనమ్మ కథ ఒకటి నడుస్తోంది. ఇంగ్లీషు హోంవర్కు ఆ తరువాత.

నర్సమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. ఇంగ్లీషు మధ్యవర్తిని మాన్పించాం. జర్మనీలో ఇప్పటికే పనిచేస్తున్న ఒక తెలుగు పిల్లతో వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడుతుంది. ఒకరు రోగి, ఒకరు నర్సు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, మందు వేసుకున్నారా, ఇదే నాటకం. మొదటి నెల నవ్వులు ఎక్కువ, మాటలు తక్కువ. రెండోసారి పరీక్షలో మాట్లాడడం 68తో పాసైంది. వినడంలో 54 వచ్చింది, ఆరు మార్కులు తక్కువ. ఈసారి తలుపు వేసుకోలేదు. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. వచ్చే నెల మళ్ళీ కూర్చుంటుంది. మొన్న ఆదివారం వాళ్ళమ్మ చెరకు పనికి పోతూ పోపులపెట్టె నాకు అప్పగించింది. నాలుగో గిన్నె తీసే రోజట, చీటీలు ముప్ఫై ఒకటి. అందులో ఏడు మొదటి గిన్నెలోకి వచ్చి పడ్డాయి.